గ్రహం మీద రాస్తున్న బొబ్బిలి అబ్బాయికి

బాబూ,

నీ వ్యాసం అందింది, చదివేను. ఎత్తుగడ బావుంది గానీ రెండో పేరా దగ్గర ఆగిపోయేను. గ్రహం అంటే గ్రీకులో తిరిగేది అని అర్థం అని రాసేసేవు. గ్రహానికీ గ్రీకుకీ ఏటి సంబంధం చెప్పు? ఆ అర్థం ప్లానెట్ అన్న మాటది. పాత గ్రీకులు రాత్రిపూట ఆకాశం చూస్తే చుక్కలన్నీ ఒకదానికొకటి అదే దూరంలో ఉండేవి, కొన్ని మాత్రం వాటి మధ్యలోంచి చోటు మార్చుకుంటూ పోయేవి, వాటికి ఆస్టెరెస్ ప్లానెటై అని పేరెట్టేరు, తిరుగుడు చుక్కలు అన్నమాట. అదే లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది.

మనది సంస్కృతం మాట. గ్రహ్ అంటే పట్టుకోడం. గ్రహణం, గ్రహించడం, అనుగ్రహం, నిగ్రహం అన్నీ అక్కడివే. వాళ్ళ పేరులో నడకుంది, మన పేరులో పట్టుంది. దీనికి నిఘంటువు దాకా పోనక్కర్లేదు, మనూళ్ళో మాటలు విను చాలు. శని పట్టిందంటాం, గ్రహణం పట్టింది, విడిచింది అంటాం, పసిపిల్లకి జ్వరం దిగకపోతే పాతకాలం ముసలమ్మలు బాలగ్రహం అనేవారు. ఇవి నీ వ్యాసంలో ఒక్కటీ లేవు, గ్రీకు మాత్రం ఉంది!

అలాగని మనవాళ్ళు నడక చూళ్ళేదనుకోకు. గురుడు ఏడాదికో రాశి చొప్పున దాదాపు 12 ఏళ్ళకి ఒక చుట్టు వస్తాడు, పుష్కరాల లెక్క అదే, సింహంలోకొస్తే గోదావరికి, కన్యలోకొస్తే కృష్ణకి. శనికి ఒక చుట్టుకి సుమారు 29న్నర ఏళ్ళు, అంటే రాశికి రెండున్నర, మూడు రాశులకి ఏడున్నర, అదే ఏలినాటి శని. జ్యోతిషం నమ్ముతావా లేదా అన్నది నీ ఇష్టం, నేనైతే నమ్మను, లెక్క మాత్రం ఆకాశం చూసి కట్టిందే. ఈ ముక్క మీద ఒక పేరా రాస్తే మనోళ్ళు చివరిదాకా చదువుతారు.

ఇంకోటి. ప్లూటోని తీసేసేరు కాబట్టి నవగ్రహాలు ఎనిమిదయ్యేయని జోకేసేవు. ఆ జోకు అందరూ వేసిందే, పైగా తప్పు. గుళ్ళో తొమ్మిదిలో సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు ఉన్నారు, భూమి లేదు. స్కూలు పుస్తకంతో కలిసేవి బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, ఈ ఐదే. అరసవల్లిలో పూజలందుకునే ఆయన నవగ్రహాల్లో మొదటివాడు, సైన్సులో నక్షత్రం. గ్రీకుల లెక్కలోనూ సూర్యచంద్రులు తిరిగేవాళ్ళే, మొత్తం ఏడుగురు. 1543లో కోపర్నికస్ పుస్తకం వచ్చి సూర్యుణ్ణి మధ్యలో పెట్టి భూమిని తిప్పేక ఆ జాబితా తారుమారైంది, మాట మాత్రం అదే ఉండిపోయింది.

కాబట్టి ధాతువు చెప్పి అదే నేటి అర్థమని రాయకు. 2006లో ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం వాళ్ళు పెట్టిన షరతులు మూడు, సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత ఆకర్షణతో గుండ్రంగా అయ్యుండాలి, తన దారిలో చుట్టుపక్కల వేరే పెద్ద ముక్కలు మిగలకుండా ఊడ్చేసుకుని ఉండాలి. 1930లో దొరికిన ప్లూటో మూడోదాంట్లో తప్పింది, మరుగుజ్జు గ్రహమైంది. ఇందులో పట్టుకోడమూ లేదు, ఊరికే తిరగడమూ లేదు, చూసేవా?

భాష గురించి ఒక్క మాట, పరిభ్రమణశీల ఖగోళపిండములు ఏటి బాబూ? గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా పక్కనే ఉండి ఇలాగ రాస్తే ఎలాగ? తిరుగుతాయి అను. వేగుచుక్క గురించి రాసిన వాక్యం మాత్రం ముట్టుకోకు, శుక్రుడు గ్రహమైనా మనం చుక్క అనే అంటాం, గ్రీకువాళ్ళ తిరుగుడు చుక్కకి అదే బాగా అతుకుతుంది, దాన్ని తెచ్చి రెండో పేరా మొదట్లో పెట్టు. ప్లూటో సంగతి రెండు వాక్యాల్లో ముగించు, లేదంటే దాని మీద విడిగా ఇంకోటి రాయి. మార్చేక మళ్ళీ పంపు, పండక్కి ముందైతే తీరిగ్గా చూస్తాను.

నీ మాస్టారు,
శ్రీకాకుళం