మంచం కిందే ఉంటున్న కుక్కను దత్తతకు ఇవ్వడం ఎలా? (సమాధానం)

కూకట్‌పల్లి రోడ్డు మీద దొరికిన ఆడకుక్క నాలుగు రోజులుగా మీ మంచం కిందే ఉందని, చెయ్యి పెడితే గుర్రుమంటోందని, నెలాఖరుకల్లా ఎవరికైనా ఇచ్చేయాలని రాశారు. టెన్షన్ పడకండి అండీ, అది మొండితనం కాదు, భయం.

గుర్రుమన్నందుకు మాత్రం తిట్టకండి. అది హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే రేపు చెప్పాపెట్టకుండా కరవొచ్చు. బయటకు లాగొద్దు, స్నానం ఇప్పుడే వద్దు. మీరు అటు తిరిగి నేల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ, ఉడికించిన చికెన్ ముక్క దాని వైపు జరపండి. ఉప్పు, మసాలా లేకుండా. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, వాటివల్ల ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. చెవులు వెనక్కి అంటుకుపోయి కనుగుడ్ల తెల్లభాగం కనిపిస్తుంటే ఇంకాస్త టైమ్ ఇవ్వాలి. అసలు తినకపోయినా, వాంతులు, విరేచనాలు ఉన్నా ఆగకుండా నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లండి. రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించీ అక్కడే అడగండి.

నెలాఖరు గడువు నాకు నచ్చలేదు. తొందరలో ఉంటే ఎవరడిగినా ఇచ్చేస్తాం. 'ఫామ్‌హౌస్‌కి కాపలాగా కావాలి' అనేవాళ్లకి నేనైతే ఇవ్వను, చాలాచోట్ల అది గొలుసు బతుకే. తీసుకునేవాళ్లది అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారో లేదో ఆయన్నే అడగండి. ఇచ్చేరోజు అది పడుకున్న దుప్పటి, అలవాటైన వాసన పోకుండా, ఉతక్కుండానే పంపండి. మెడపట్టీ మీద మీ నంబర్ కూడా ఉంచండి, కొత్త ఇంట్లో మొదటి వారమే తలుపు సందులోంచి పారిపోయే ప్రమాదం ఎక్కువ.