తంగేడు పూలా, తంగేటి పూలా?

సందేహం: మా పెరట్లో కొంత జాగాను దున్నకుండా, కత్తిరించకుండా వదిలేసి మన నేల మొక్కలే పెంచుతున్నాను. తంగేడు నిలువెత్తు పెరిగి విరగబూసింది. చూడటానికి వచ్చే పిల్లల కోసం దాని దగ్గర ‘తంగేడు పూలు’ అని బోర్డు రాస్తుంటే, అది తప్పు, ‘తంగేటి పూలు’ అనాలని మా బావగారు పట్టుబట్టారు. ఏది ఒప్పు? పుస్తకాల్లో కనిపించే ‘బహువార్షికం’ బదులు ‘ఏటేటా పూసేది’ అనొచ్చా?

సమాధానం: మీ బావగారి మాట ఒప్పే. మీది తప్పనడమే సరికాదు. ‘డు’తో ముగిసే కొన్ని మాటలకు విభక్తో, మరో మాటో తగిలితే చివర ‘టి’ వస్తుంది. గూడు – గూటికి, నాడు – నాటి, ఏడు (సంవత్సరం) – ఏటికి. ఈ ‘టి’ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారు. తంగేడు, నేరేడు, జిల్లేడు, మారేడు ఈ గుంపులోవే. అందుకే తంగేటి పువ్వు, జిల్లేటి పాలు.

అయితే చెట్ల పేర్ల దగ్గర జనం నోట ఈ ‘టి’ గట్టిగా నిలవలేదు. బండి దగ్గర ‘నేరేడు పళ్లు’ అనే వింటాం. శివపూజకు మారేడు దళాలే తెస్తాం, ‘మారేటి దళాలు’ అనం. బతుకమ్మ పాటల్లోనూ ‘తంగేడు పువ్వు’ ఉంది. ‘గూడుకి చేరింది’ అంటే చెవికి గుచ్చుకుంటుంది, ‘తంగేడు పువ్వు’ గుచ్చుకోదు. విభక్తి చేరినప్పుడు మాత్రం నా చెవికి ‘తంగేటికి’ అంటేనే బాగుంటుంది: ‘తంగేటికి నీళ్లు ఎక్కువ పోయకండి.’ రాళ్ల గుట్టల్లో, బీళ్లలో పెరిగే మొక్క కదా!

బహువచనం తంగేళ్లు, అలాగే నేరేళ్లు, జిల్లేళ్లు. రాజన్న సిరిసిల్ల జిల్లాలో నేరెళ్ల, జిల్లెళ్ల అనే ఊళ్లున్నాయి. ఆ పేర్లలో దాగినవి ఈ బహువచనాలే అనిపిస్తుంది.

ఇక ‘ఏటేటా’. ఇదీ ‘ఏడు’కు ‘టి’ చేరి పుట్టిందే, అందమైన మాటే. కానీ ఇక్కడ పనికిరాదు. బహువార్షికం అంటే ఒకే మొక్క ఏళ్ల తరబడి బతికేది. బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే గునుగునే చూడండి. పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది. వచ్చే ఏడు ఆ గింజలే మొలుస్తాయి. అంటే అదీ ఏటేటా పూసేదే, కానీ బహువార్షికం కాదు. తంగేడుది అదే మోడు, అదే వేరు. కాబట్టి ‘ఏళ్ల తరబడి బతికే మొక్క’ అనండి, పిల్లలకు తెలుస్తుంది.

బోర్డు మీద ఇలా రాయొచ్చు: ‘తంగేడు. ఏళ్ల తరబడి బతికే మన నేల మొక్క. 2014 నుంచి దీని పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం.’ చెట్టు పేరు ఒక్కటే రాశారు గనక బావగారితో పేచీ కూడా ఉండదు.