కార్క్‌లో "మీది ఏ క్లబ్?" అని అడిగితే ఏం చెప్పాలి?

సందేహం: అన్నా, ఐర్లండ్‌లోని కార్క్‌కి వచ్చి రెండు నెలలైంది. సోమవారం ఆఫీసుకెళ్తే అందరూ హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఇక్కడి ఆట) కౌంటీ ఫైనల్, అంటే జిల్లా క్లబ్బుల ఫైనల్ గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. వాళ్ళతో ఎలా కలవాలి?

తమ్ముడూ, ముందు స్కోరు చదవడం నేర్చుకో. 2-15 అంటే రెండు గోల్స్, పదిహేను పాయింట్లు. గోలుకి మూడు లెక్కన మొత్తం 21. బంతి అడ్డకర్ర కిందనుంచి వలలో పడితే గోల్, పైనుంచి పోతే పాయింట్.

ఇక అసలు సంగతి. ఈ క్లబ్బులు పేటను, ఊరిని బట్టి ఉంటాయి. ఆడేవాళ్ళకి జీతం ఉండదు. మనలాగే పొద్దున ఉద్యోగానికెళ్ళి సాయంత్రం ప్రాక్టీసుకొస్తారు. 1887లో కార్క్ కౌంటీ చాంపియన్‌షిప్ మొదలైతే తొలి విజేత బ్లాక్‌రాక్. ఇప్పటికి 30 సార్లకు పైగా గెలిచి అందరికన్నా ముందున్నదీ వాళ్ళే. నగరానికి ఉత్తరాన బ్లాక్‌పూల్ పేటవాళ్ళది గ్లెన్ రోవర్స్. 1934లో మొదటిసారి గెలిచి, 1941 దాకా వరుసగా ఎనిమిదేళ్ళు ఎవరికీ వదల్లేదు. ఆ జట్టులో ఆడిన జాక్ లించ్ తర్వాత ఐర్లండ్ ప్రధాని అయ్యాడు. 1977లో గ్లెన్‌కీ, నగరంలోని ఇంకో క్లబ్ సెయింట్ ఫిన్‌బార్స్‌కీ జరిగిన ఫైనల్‌కి 34 వేల మందికి పైగా వచ్చారు. ఒకే నగరంలోని రెండు పేటల ఆటకి అంత జనం!

"నేను బయటివాణ్ణి కదా" అనుకోకు. గ్లెన్‌కి 14 కౌంటీ పతకాలు తెచ్చిన క్రిస్టీ రింగ్ ఆ పేటవాడు కాదు, క్లోయిన్ అనే ఊరి నుంచి వచ్చినవాడు. నా పిచ్చి అభిమానమంతా షాన్ ఓగ్ ఓ హాల్పిన్ మీద. తల్లిది ఫిజీ, తనూ అక్కడే పుట్టాడు. "నా పీర్సిగ్" అనే క్లబ్‌తో 2004లో కౌంటీ గెలిచి, మరుసటేడు కార్క్ జట్టు కెప్టెన్‌గా ఆల్-ఐర్లండ్ (కౌంటీ జట్ల మధ్య జరిగే దేశ పోటీ) కప్పు అందుకుని ఐరిష్ భాషలోనే మాట్లాడాడు. ఆ ప్రసంగం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కాబట్టి తెలిసినట్టు నటించకు. "నేనుండేది ఫలానా పేట, అక్కడి క్లబ్ ఏది?" అని అడుగు, మిగతాది వాళ్ళే చెప్తారు. పిల్లలుంటే అక్కడికి తీసుకెళ్ళు. మావాణ్ణి తీసుకెళ్ళిన మొదటిరోజు కోచ్ హర్లింగ్ ఆడే యాష్ చెక్క కర్రని వాడి నడుం పక్కన నిలబెట్టి ఎత్తు చూసి, పొడవైందని పక్కన పెట్టి ఇంకోటి ఇచ్చాడు. పేరు తర్వాతే అడిగాడు. హెల్మెట్ మాత్రం నువ్వే ముందు కొను, అది లేకుండా ఆడనివ్వరు.