రోమన్ బంగారు నాణేన్ని దీనారం అనొచ్చా?

ప్రశ్న: గురువుగారూ, సీజర్‌ని చంపిన బ్రూటస్ వేయించిన బంగారు నాణెం 2020లో లండన్ వేలంలో 32 లక్షల పౌండ్లు దాటి పోయిందని చదివాను. ఒకచోట దాన్ని 'రోమన్ దీనారం' అని రాశారు. మా అబ్బాయేమో దీనారం అంటే వెండిది, అలా రాయడం తప్పు అంటున్నాడు. ఏది కరెక్టండీ?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, రోమ్ లెక్కలో మీ అబ్బాయి మాటే కరెక్టు. అక్కడ డెనారియస్ అంటే వెండి నాణెం, బంగారుదాని పేరు ఆరియస్, పాతిక డెనారియస్‌లు ఇస్తే ఒక ఆరియస్. బ్రూటస్ రెండిట్లోనూ వేయించాడు. ఒకవైపు తన తల, రెండోవైపు రెండు బాకులు, వాటి మధ్యన బానిసత్వం నుంచి విడుదలైనవాడు పెట్టుకునే టోపీ, కింద సీజర్‌ని చంపిన మార్చి 15ని చెప్పే అక్షరాలు. చేసిన హత్యని దాచుకోకుండా డబ్బు మీదే అచ్చువేయించుకున్నాడన్నమాట. (ఆ వేలంలో అమ్మినదాని పూర్వచరిత్ర కాగితాలు దొంగవని తేలి 2023లో గ్రీసుకి అప్పగించేశారు, అది వేరే కథ.)

కానీ మన లెక్క వేరే ఉంది. ఈ డెనారియస్ అన్న మాటే సముద్రం దాటి ఇటు వచ్చి దీనారమయ్యాక బంగారమైపోయింది, గుప్తుల శాసనాల్లో దీనారం అంటే బంగారు నాణెమే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ఒక శాసనంలో 'దినారి మాషకాలు' అనే నాణేలు దానమిచ్చిన సంగతి ఉంది, అంటే మూడో శతాబ్దం నాటికే కృష్ణ ఒడ్డున ఈ మాట నలుగుతోంది.

ఇక శ్రీనాథుణ్ణి తలుచుకోకుండా దీనారం గురించి మాట్లాడడం నావల్ల కాదు. 'దీనార టంకాల దీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల' అన్నాడు మహానుభావుడు. టంకం అంటే నాణెం. విజయనగర రాజు ప్రౌఢదేవరాయలు చేయించిన కనకాభిషేకం అది. చూడండి, నాకు స్నానం చేయించారు అనలేదు, ఆ ముత్యాలశాలకే నేను స్నానం చేయించాను అన్నాడు, తన మీద పోసిన నాణేలు పొర్లి సభంతా తడిసిందని ఆ ఒక్క 'ఆడించితి'లోనే చెప్పేశాడు, ప్రేరణార్థకానికి, అంటే ఇంకొకరిచేత చేయించడాన్ని చెప్పే క్రియకి, ఇంత బలం ఉంటుందని అక్కడే తెలుస్తుంది. ఇంకో సంగతి, ఎక్కడా 'బంగారు' అనలేదు, దీనారం అన్నాక అది ఏ లోహమో వినేవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు కాబట్టి. ఆ టంకాలే చివరి రోజుల్లో బొడ్డుపల్లె అనే ఊరు గుత్తకి తీసుకుని నష్టపోయినప్పుడు 'ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు' అని ఏడిపించాయి. ఈ రెండు పద్యాలూ పక్కపక్కన చదివితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

టంకానికి లోహాన్ని అతికే మసాలా అని ఇంకో అర్థం ఉంది, ఇక్కడ దాంతో పనిలేదు. నాణేలు అచ్చువేసే చోటు టంకశాల, ఇంత చక్కటి మాట పెట్టుకుని 'మింట్' అని రాస్తున్నారు, అదేం కర్మో.

కాబట్టి వేలం వార్త రాసేవాళ్ళు ఆరియస్ అనడమే మంచిది, ఎందుకంటే బ్రూటస్ వెండి డెనారియస్‌లు కూడా విడిగా వేలానికొస్తుంటాయి, చదివేవాడు రెండిటినీ కలిపేసుకుంటాడు. కథలోనో పద్యంలోనో అయితే దీనారం అన్నా నేను తప్పు పట్టను. 'గోల్డ్ కాయిన్ ఆక్షన్ చేయబడింది' అనే వాక్యాన్ని మాత్రం ఎక్కడ చూసినా ఒప్పుకోను, 'బంగారు నాణెం వేలంలో అమ్ముడుపోయింది' అంటే సరిపోతుంది కదా. బహువచనం నాణేలు, నాణాలు కాదు.