ముందు ఆ వాయిస్ మెసేజ్ వినండమ్మా

ప్రశ్న: వందనాలు అక్కా. నాకు 36 ఏళ్లు, చిన్నప్పట్నుంచి సంఘంలోనే పెరిగాను. ఏడాది క్రితం మావారి ఉద్యోగం పోయింది, అప్పులు కూడా ఉన్నాయని అప్పుడే బయటపడింది. ఎవరికీ చెప్పుకోలేక మా సంఘంలోనే ఉన్న నా ఫ్రెండ్ దగ్గర మాత్రం ఏడ్చాను. తను స్త్రీల కూడికలో మావారి పేరుతో సహా అందరి ముందూ ప్రార్థన మనవిగా చెప్పేసింది. అప్పట్నుంచి నేను చర్చికి వెళ్లట్లేదు. ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే చూస్తున్నా, తెల్లవారుజామున లేచి ప్రార్థన చేస్తున్నా కానీ గోడతో మాట్లాడినట్టే ఉంది. తను చాలాసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టింది, అదీ వినలేదు. దేవుడు నాకు ముఖం చాటేశాడా? 40 రోజులు ఉపవాసం ఉంటే ఆయన సన్నిధి మళ్లీ తెలుస్తుందా?

జవాబు: ఉపవాసం సంగతి ముందే తేల్చేస్తా, వద్దు. మనిషి మీద పీకల దాకా కోపం పెట్టుకుని తిండి మానేస్తే నీరసం తప్ప ఇంకేం రాదు. యెషయా 58 తీసి చదవండి, కలహపడుతూ ఉపవాసాలుంటే నేను వినాలా అని దేవుడే అక్కడ నిలదీస్తాడు. ముఖం చాటేశాడా అంటే, చాటెయ్యలేదు. అయిపోయింది, ఇక అసలు విషయానికి వద్దాం.

ఆ వాయిస్ మెసేజ్ మీరు వినలేదు, సరే. కానీ డిలీట్ కూడా చెయ్యలేదు కదా. తనతో సంబంధం నిజంగా తెగిపోయుంటే అది ఇన్నాళ్లు ఫోన్‌లో ఉండేదా? మీకు పోయింది దేవుడు కాదమ్మా, స్నేహితురాలు. ఆ లోటుకి దేవుడి పేరు పెట్టుకుని తెల్లారకముందే లేచి ఆయన్ని పట్టుకుని కూర్చుంటున్నారు, ఆయనేమో ఆవిడ దగ్గరికి వెళ్లమంటున్నాడని నాకనిపిస్తోంది.

అలాగని ఆవిడని వెనకేసుకు రావట్లేదు. ఆవిడ చేసింది తప్పే, చిన్న తప్పేం కాదు. ప్రేయర్ రిక్వెస్ట్ అని మొదలుపెట్టి పక్కింటి గుట్టంతా బయటపెట్టే అలవాటు మన సంఘాల్లో చాలామందికుంది, పైగా అదంతా ప్రేమతోనే అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. జర్మనీలో హిట్లర్ కాలంలో బోన్‌హోఫర్ అనే పాస్టర్ 1935లో ఫింకెన్‌వాల్డేలో కాబోయే పాస్టర్లకి ఒక సెమినరీ నడిపాడు, 1937లో హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టపో దాన్ని మూసేసింది. ఆయన అక్కడ పెట్టిన నియమం ఒకటుంది, ఒక సహోదరుడు ఎదురుగా లేనప్పుడు అతని గురించి మాట్లాడకూడదు, పొరపాటున మాట్లాడితే తర్వాత వెళ్లి అతనికే ఆ సంగతి చెప్పాలి. బయట అంత భయం ఉన్న రోజుల్లో లోపల ఈ ఒక్క మాట కోసం అంత పట్టుబట్టాడు చూడండి. మన కూడికల్లో కూడా అది రాసి గోడకి అంటించాలి.

కానీ మీరు చేసిందేంటి? ఆవిడ తప్పు చేసిందని సంఘం మొత్తానికి మీ కుర్చీ ఖాళీగా చూపించారు, ఆవిడకి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. మత్తయి 18లో ప్రభువు చెప్పింది దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. సహోదరుడు తప్పు చేస్తే నువ్వే వెళ్లు, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడు, వినకపోతే ఇంకొకరినో ఇద్దరినో తీసుకెళ్లు, సంఘం దాకా వెళ్లేది ఆ తర్వాతే. "ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడియుందురో" అనే వాక్యం, కూడికకి జనం తక్కువ వచ్చినప్పుడల్లా మనం చెప్పుకునేది, అది ఈ గొడవ మాటల తర్వాతే వస్తుంది, అదే అధ్యాయంలో. వాళ్ల మధ్య నేనుంటానని ప్రభువు మాటిచ్చింది చెడిన సంబంధాన్ని బాగుచేసుకోవడం గురించి మాట్లాడుతూనే. అంటే మీరు గదిలో వెతుకుతున్న సన్నిధి ఆవిడ ఎదురుగా కూర్చున్నప్పుడు దొరకొచ్చు, నేనైతే దొరుకుతుందనే అంటాను.

ఆత్మగౌరవం అడ్డొస్తోందంటారేమో. ముఖం మీద అడగ్గలగడం ఆత్మగౌరవమమ్మా, అలిగి ఇంట్లో కూర్చుంటే దాన్ని అలకే అంటారు.

ఫోన్‌లో ఆరాధన చూడటం తప్పని అనను, మంచాన ఉన్నవాళ్లకి అది ఎంతో ఆదరణ. మీరు మాత్రం మనుషుల్ని తప్పించుకోవడానికి చూస్తున్నారు. తోమా కథ తెలుసుగా, ప్రభువు లేచాక మొదటిసారి శిష్యులకి కనబడినప్పుడు అతను అక్కడ లేడు, చూస్తే గానీ నమ్మనన్నాడు. ప్రభువు అతని కోసం వేరే ప్రత్యేకంగా రాలేదు, ఎనిమిది రోజుల తర్వాత అతను మిగతా వాళ్లతో కలిసి ఉన్నప్పుడే వచ్చాడు. నాకు ఇందులో ఇంకోటి బాగా నచ్చుతుంది, నమ్మనని మొండికేసినవాణ్ణి ఆ వారం రోజులూ మిగతావాళ్లు తరిమెయ్యలేదు, అతనూ వాళ్లని వదిలి పోలేదు. పౌలుని చూడండి, మూడో ఆకాశం దాకా కొనిపోబడ్డానని కొరింథీయులకి రాసిన రెండో పత్రికలోనే, మాసిదోనియలో బయట పోరాటాలు లోపల భయాలతో కుంగిపోయి ఉంటే తన తోటి పనివాడు తీతు రావడం వల్ల దేవుడు మమ్మల్ని ఆదరించాడని కూడా రాస్తాడు. అంత దర్శనాలు చూసిన మనిషికే ఆదరణ తీతు రూపంలో తలుపు దగ్గరికొచ్చింది, మీకూ నాకూ మనుషులు అక్కర్లేకుండా జరిగిపోతుందా?

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది. ముందు ఆ మెసేజ్ పూర్తిగా వినండి, మధ్యలో ఆపేసి కోపంగా టైప్ చెయ్యొద్దు. తర్వాత ఆవిణ్ణి కలవండి, ఫోన్‌లో కాదు, కూడికలో అసలే కాదు. "నీకొక్కదానికే చెప్పాను, నువ్వు అందరికీ చెప్పావు, అప్పట్నుంచి నేను ఎవరికీ మొహం చూపించలేకపోతున్నా" అని ఉన్నదున్నట్టు చెప్పండి, వాక్యాలు జోడించి చెప్పొద్దు, ప్రార్థనతో మొదలుపెట్టొద్దు కూడా, ప్రార్థన చాటున దాక్కోవడం మనందరికీ బాగా తెలుసు. ఆవిడ క్షమించమంటే క్షమించండి. క్షమించినంత మాత్రాన మళ్లీ గుట్టంతా చెప్పెయ్యాలని కాదు, నమ్మకం నెమ్మదిగా రానివ్వండి. నేనేం తప్పు చేశాను, మీ కోసమే కదా చెప్పాను అని ఎదురు తిరిగితే మాత్రం మీ ఇద్దర్నీ ఎరిగిన ఒక పెద్దావిణ్ణి వెంటపెట్టుకుని మళ్లీ వెళ్లండి, పాస్టర్ గారి దాకా అప్పుడే లాగొద్దు.

ఇంకొక్కటి, మీకు నచ్చకపోయినా చెప్తా. ఆ అప్పుల విషయం మొదట బయటికి చెప్పింది మీరు, అదీ మీవారిని అడక్కుండానే అనుకుంటా, అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు చెప్పుకోవడం తప్పనను, ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే మీరేమైపోయేవారో. కానీ కూడికలో అందరూ విన్నది ఆయన పేరు, ఆయన ఎంత చిన్నబోయారో ఒక్క ముక్క కూడా రాయలేదు మీరు. ఫ్రెండ్ దగ్గరికి వెళ్లేముందు ఆయనతో మాట్లాడండి, ఆవిడ మీకు చెప్పాల్సిన సారీ లాంటిది మీరు ఆయనకి కూడా బాకీ ఉన్నారేమో చూసుకోండి.