సమాధానం: 40 డిగ్రీల ఎండలో అట్లాంటిక్ జెయింట్ గుమ్మడి పిందెలు రాలిపోతుంటే

అట్లాంటిక్ జెయింట్ (చాలా పెద్ద కాయలు కాసే గుమ్మడి రకం) పువ్వులకు ఉదయం తొమ్మిదిన్నరకు చేత్తో పుప్పొడి అద్దుతున్నా పిందెలు రాలిపోతున్నాయని, ఎరువు లోపమేమోనని అడిగారు. మీరు అనుమానించినట్టు ఎరువు లోపం కాకపోవచ్చు. ఈ వేడిలో పిందెలు వారంలోపే వడిలి రాలుతున్నాయంటే చాలావరకు పరాగసంపర్కం కుదరకపోవడమే కారణం. 32 డిగ్రీలు దాటేకొద్దీ గుమ్మడి పుప్పొడి సత్తువ తగ్గిపోతుంది. మీరు పుప్పొడి అద్దుతున్న ఉదయం తొమ్మిదిన్నర బాగా ఆలస్యం.

1. ఆడమొగ్గ కొన నారింజ రంగుకు తిరిగితే మర్నాడు తెల్లవారుజామునే విచ్చుకుంటుంది. ముందు సాయంత్రమే పల్చటి గుడ్డ కట్టండి.

2. అప్పుడే మూడు నాలుగు మగమొగ్గలు పొడవాటి కాడతో కోసి, గ్లాసు నీళ్లలో ఇంట్లో చల్లగా ఉంచండి.

3. ఆడపువ్వు విచ్చగానే మగపువ్వుల రేకులు తీసేసి, కీలాగ్రం (ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే భాగం) తమ్మెలన్నిటికీ మెత్తగా పుప్పొడి అద్దండి. ఒక తమ్మె తప్పినా కాయ వంకర తిరగొచ్చు.

4. అందరూ ఇక్కడితో ఆపేస్తారు, అసలు నష్టం తర్వాతే. పుప్పొడి మొలకెత్తి, దాని గొట్టం పిందె లోపలి అండాల (గింజలుగా మారే భాగాల) దాకా చేరాలి. మధ్యాహ్నపు వేడి దాన్ని దారిలోనే ఆపేస్తుంది. అందుకే పువ్వును మళ్లీ కట్టి, పైన తెల్లగుడ్డతో నీడ వేసి, పక్కనే గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు పెట్టండి. పిందెకు తగలకూడదు. కరిగినప్పుడల్లా మారుస్తూ పొద్దుగూకే దాకా చల్లగా ఉంచండి. నీడ మాత్రం ఆ తర్వాత కూడా తీయకండి.

పిందె పసుపుగా ఉందని కంగారు పడకండి, ఈ రకానికి ఆ రంగు సహజం. మెరుపు పోయి, పెరుగుదల ఆగితేనే అది నిలవదని అర్థం.