60 ఆంగస్ ఆవుల మీదకి సిమ్‌ఆంగస్ ఆబోతుని వదలవచ్చా?

మీ ప్రశ్న: అమెరికాలోని మిస్సోరిలో 60 నల్ల ఆంగస్ ఆవులు, మేతకి ఒకటే పెద్ద బీడు. సిమెంటల్, ఆంగస్ జాతులు కలిసిన ఇలాంటి సంకరజాతి ఆబోతుని పెడితే దూడలు ఒక్కోటి ఒక్కోలా పుడతాయని పక్క రైతులు అంటున్నారు, నిజమేనా అని.

వదలవచ్చు. దూడల ఎగుడుదిగుళ్ల భయం అక్కర్లేదు. నెబ్రాస్కాలో క్లే సెంటర్ దగ్గరున్న ప్రభుత్వ పరిశోధన కేంద్రం మిశ్రమజాతి మందల్ని ఏళ్ల తరబడి పెంచి కొలిచింది. బరువుల్లో, మాంసం గుణాల్లో తేడాలు దాదాపు స్వచ్ఛజాతుల్లో ఉన్నంతే కనిపించాయి. ఒకేసారి అమ్మకానికి పెట్టే దూడల గుంపు ఎగుడుదిగుడుగా రావడానికి అసలు కారణం చాలాచోట్ల ఈతలు సాగడమే. ఒక ఎద తప్పితే 21 రోజులు పోతాయి. రోజుకు రెండు పౌన్లు పెరిగే దూడకి అది 40 పౌన్ల పైమాటే. 60 రోజులు కాగానే ఆబోతుని మందలోంచి తీసేయండి.

మోసపోయేది ఇంకోచోట. సంకర కోడె తన సొంత సంకర తేజంతో, అంటే వేర్వేరు జాతులు కలవడం వల్ల వచ్చే అదనపు ఏపుతో, ఏడాదికే ఏపుగా ఎదుగుతుంది, పక్కనున్న ఆంగస్ కోడె దాని ముందు తేలిపోతుంది. ఆ ఏపు అలాగే దూడలకి దిగదు. దిగేది దాని జన్యువుల్లో సగం. తేజం మాత్రం దూడలో వేర్వేరు జాతుల జన్యువులు జతపడినప్పుడు మళ్లీ కొత్తగా పుట్టాలి. అందుకే కండ చూసి కాదు, పిల్లల్లో రాబోయే తేడాని అంచనా కట్టే అంకెలు, అంటే ఈపీడీలు, చూసి కొనండి. సిమ్‌ఆంగస్ ఈపీడీనీ ఆంగస్ సంఘం ఇచ్చే ఈపీడీనీ నేరుగా పోల్చకండి, రెండింటి కొలబద్దలు వేరు. జాతుల మధ్య సవరణ పట్టికని ఆ క్లే సెంటర్ కేంద్రమే ఇస్తుంది.

ఇక లెక్క. స్వచ్ఛ సిమెంటల్ ఆబోతుతో తొలి దూడల్లో తేజం 100 శాతం. ఆ పెయ్యల్ని ఉంచుకుంటే వాటికి ఏ ఆబోతు? రెండు జాతుల్నీ మార్చి మార్చి వాడితే తేజం 67 శాతం దగ్గర నిలుస్తుంది కానీ రెండు బీళ్లు కావాలి, ఏ పెయ్య ఏ ఆబోతుకి పుట్టిందో చెవిపోగుతో గుర్తు పెట్టుకోవాలి. సగంసగం సిమ్‌ఆంగస్ ఆబోతుల్నే వాడుతూ పోతే తరతరానికీ 50 శాతం, ఒకే బీడులో. మీకు నేను చెప్పేది ఇదే. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ సగంసగం కావు, రిజిస్ట్రేషన్ కాగితంలో ఏ జాతి వాటా ఎంతో చదవండి.

ఒక షరతు: పెయ్యల్ని ఉంచుకుంటేనే. సంకర తేజం పూర్తిగా ఉంటే, మందలో ప్రతి ఆవుకీ వచ్చే పాలు మాన్పిన దూడ బరువు సుమారు 23 శాతం పెరుగుతుంది. అందులో మూడింట రెండు వంతులకి దగ్గరగా వచ్చేది తల్లి సంకరం కావడం వల్లే. దూడలన్నీ అమ్మేసి ఆంగస్ పెయ్యల్నే కొనేవాళ్లకి స్వచ్ఛ సిమెంటల్ ఆబోతో, షరోలే అనే జాతి ఆబోతో మేలు. తొలిచూలు పెయ్యల మీదకి మాత్రం ఈత సులువు ఈపీడీ బాగున్న ఆబోతునే వదలండి.

కొనేముందు పశువైద్యుడి చేత సంతాన సామర్థ్య పరీక్ష చేయించండి. 15 నెలల లోపు కోడెకి వృషణాల చుట్టుకొలత కనీసం 30 సెం.మీ., చురుగ్గా ముందుకు కదిలే వీర్యకణాలు 30 శాతం, సరైన ఆకారంలో ఉన్నవి 70 శాతం ఉండాలి. కోడె వయసు ఎన్ని నెలలో అన్ని ఆవులే దానికి, అంటే 15 నెలలవైతే మీకు నాలుగు కావాలి. ముదురు ఆబోతైతే 25 నుంచి 30 ఆవులు. రెండు సీజన్లు అయ్యాక మార్చేయండి, మూడోదానికి దాని కూతుళ్లే ఎదకి వస్తాయి. రంగు ముఖ్యమైతే, రెండు నలుపు జన్యువులూ ఉన్నాయని డీఎన్‌ఏ పరీక్షలో తేలినదాన్నే తీసుకోండి. లేకపోతే ఆ పెయ్యల కడుపున ఎర్ర దూడలు రావచ్చు.

ఇదే ప్రశ్న టెక్సాస్ తీరం నుంచి వచ్చుంటే జవాబు మారేది. ఆ ఎండకీ పిడుదులకీ బ్రాంగస్ అనే జాతి నయం, అందులో ఎనిమిదింట మూడు వంతులు బ్రాహ్మన్, మిగతాది ఆంగస్. ఆ బ్రాహ్మన్‌లో మన ఒంగోలు రక్తం ఉంది.